మా ఇంగ్లీషు క్లాసుకు అవ్వ తెచ్చిన పడి

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల ప్రదాన సభలో, తమిళనాడు కోవిల్‌పట్టి ప్రాంతం నుంచి ఎంపికైన విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఉపకార వేతనం దరఖాస్తు ఫారంలో 'చేరబోయే కోర్సు' అని ఒక గడి ఉంటుంది. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, పాలిటెక్నిక్, కామర్సు అని వరుసగా ఉండి చివర 'ఇతరములు' అని ఉంటుంది. నేను ఆ చివరి గడిలో టిక్కు పెట్టి, పక్కన బి.ఏ. ఇంగ్లీషు సాహిత్యం అని రాశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ కాగితం చూసి, "ఇంత మంచి మార్కులు పెట్టుకుని సాహిత్యం ఎందుకమ్మా?" అని అడిగారు. అక్కడ ఉన్న అయిదు నిమిషాల్లో నేను సరిగా జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఈ రోజు మాట్లాడమని పిలిచారు గనుక ఆ జవాబే చెప్పుకుంటాను. ఆ పెద్దాయన ముందు వరుసలోనే ఉన్నారు. నాకు సంతోషం.

ఇంకొక మాట. ఈ ప్రసంగాన్ని నేను మొదట మా ఇంటి తెలుగులో రాసుకున్నాను. మా వీధిలో ఉన్న రిటైరయిన రైల్వే మాస్టారు మూడు వేసవులు మిద్దె మీద కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పించారు. ఆయనే దీన్ని దిద్ది అచ్చు తెలుగులోకి మార్చారు. కొన్ని చోట్ల నేను ఒప్పుకోలేదు. అవి మీకు వింటుంటేనే తెలిసిపోతాయి.

నేను చదివింది తమిళనాడు స్టేట్ బోర్డు. ప్లస్ టూలో ఆరు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. భాషలకు 90 పరీక్షకు, 10 ఇంటర్నల్‌కు. మొదటి భాషగా నేను తమిళమే తీసుకున్నాను. మా వైపు తెలుగు చెప్పే పంతులమ్మ లేదు. హోసూరు, వేపనపల్లి వైపు ఉన్న చెల్లెళ్ళకు తెలుగు బడులు ఉన్నాయి గనుక వాళ్ళ కష్టం వేరు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక, ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున పైకి వచ్చిన నిబంధన పదో తరగతి దగ్గర వాళ్ళకు అడ్డం వచ్చింది. కోర్టుల దాకా వెళ్ళారు, 2023లో సుప్రీంకోర్టు ఆ సంవత్సరానికి మినహాయింపు పొడిగించింది. మా కరిసల్ సీమలో ఆ తగాదాయే లేదు. కరిసల్ అంటే నల్లరేగడి. అక్కడ తెలుగు బడిలోకి ఎప్పుడూ రాలేదు, ఇంటి గడప లోపలే ఉండిపోయింది. తమిళం మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. నేను బాగా చదివే పుస్తకాలు తమిళ పుస్తకాలే. ఎవరైనా తమిళాన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది కూడా.

ఇక ఇంగ్లీషు పుస్తకం. 2019లో వచ్చిన కొత్త పాఠ్యపుస్తకమే మాదీ. అందులో జార్జి ఆర్వెల్ టీ కాచడం గురించి రాసిన వ్యాసం ఉంది. పదకొండు నియమాలు పెట్టి, చివరకు చక్కెర వేయొద్దంటాడు. బెల్లం పాకం వాసనలో పెరిగిన కోవిల్‌పట్టి పిల్లలకు ఆ నియమం చదివి వినిపిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. క్లాసు క్లాసంతా ఆయన మీద తిరగబడింది. తోరు దత్ సరుగుడు చెట్టు మీద రాసిన పద్యం ఉంది. ఆమె 1856లో కలకత్తాలో పుట్టి 1877లో ఇరవై ఒకటో ఏట పోయింది. చిన్నప్పుడు ఆ చెట్టు కింద తనతో ఆడుకున్న అన్న, అక్క తనకంటే ముందే పోయారు. బెంగాలీ అమ్మాయి, ఇంగ్లీషులో, తన ఇంటి తోటలో చెట్టు గురించి రాసింది. అది నాకు అప్పుడు అంత పట్టలేదు. పరీక్షకు ఉపమానాలు, అనుప్రాసలు గుర్తు పెట్టుకోవాలి, సందర్భ వాక్యాలు గుర్తు పెట్టుకోవాలి. అన్నిటికీ గైడులో జవాబులు ఉంటాయి. పద్యానికి నాలుగు వాక్యాల భావం గైడు చెప్పేస్తే ఇక పద్యం ఎందుకు చదవాలి అని అడిగిన స్నేహితురాలికి నేను జవాబు చెప్పలేకపోయాను. నిజానికి ఆ గైడుతోనే ఆమెకు నాకంటే రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి.

అయిదో యూనిట్‌కు వచ్చేసరికి 'ది చెయిర్' అనే పాఠం. రాసినవారు కి. రాజనారాయణన్. కి.రా. అంటారు. తమిళంలో 'నార్కాలి' అనే కథకు ఇంగ్లీషు అనువాదం అది. ఒక ఇంట్లో కుర్చీ ఉండదు. ఇంటికొచ్చిన పెద్ద ఉద్యోగి ముక్కాలి పీట మీద కూర్చోబోయి కింద పడతాడు. ఇక లాభం లేదని ఆ ఇంటివాళ్ళు కుర్చీ చేయించాలని తీర్మానిస్తారు. ఏ కర్ర మంచిది, ఎవరు చేయాలి అని ఇంటిల్లిపాదీ చర్చ. కుర్చీ వస్తుంది, పిల్లలు వంతులు వేసుకుని కూర్చుంటారు. ఒక రాత్రి ఊళ్ళో ఎవరో పోతే, పోయినవారిని కూర్చోబెట్టడానికి ఆ కుర్చీ అడిగి తీసుకెళతారు. తిరిగొచ్చాక దాని మీద కూర్చునే ధైర్యం పిల్లలకు ఉండదు. మిగతాది మీరే చదువుకోండి, చెప్పేస్తే బాగుండదు.

కి.రా. 1923లో కోవిల్‌పట్టికి దగ్గరలోని ఇడైసెవల్‌లో పుట్టారు. 2021 మే నెలలో పుదుచ్చేరిలో కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2022లో మా కోవిల్‌పట్టిలో ఆయనకు స్మారక మందిరం తెరిచారు. హైస్కూలు చదువు పూర్తి చేయని మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద కథల సేకరణకు ఆచార్యుడిగా పెట్టుకుంది. కరిసల్ సీమ మాటలకు ఆయన నిఘంటువు తయారు చేశారు. 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. దానికి ముందు 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం', ఒక పిల్లను కాపాడుకోవడం కోసం ఉన్న ఊరు వదిలి దక్షిణానికి నడిచి వచ్చిన తెలుగు కుటుంబాల కథ. ఎందుకంటే ఆయన ఇంటి భాష తెలుగు. అదే ఇడైసెవల్‌లో అదే 1923లో పుట్టిన కు. అళగిరిసామి కూడా తెలుగింటి బిడ్డే. ఆయన 1970లో పోయారు, ఆ ఏడాదే ఆయన కథల పుస్తకానికి అకాడెమీ అవార్డు ఇచ్చారు. ఒకే పల్లెలో ఇద్దరు స్నేహితులు, ఇద్దరికీ అకాడెమీ అవార్డులు, ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళంలో రాసినవాళ్ళు.

మన సభల్లో ప్రతి ఏడూ త్యాగరాజస్వామి పేరు, కట్టబొమ్మన పేరు వింటాం. వినడం మంచిదే. ఈ ఇద్దరి పేర్లు నేను ఇప్పటిదాకా మన సభల్లో వినలేదు. తమిళంలో రాశారు గనుక మనవాళ్ళు కారని అనుకున్నామో ఏమో నాకు తెలియదు.

ఆ పాఠం ముందు పెట్టుకుని నేను ఆలోచించింది ఇది. ఇంగ్లీషులో చెయిర్. తమిళంలో నార్కాలి, అంటే నాలుగు కాళ్ళది. మీ ఊళ్ళలో కుర్చీ అంటారు, అది పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. మా అవ్వ 'నాక్కాలి' అంటుంది, అది తమిళం నుంచి తెచ్చుకున్నది. మన ఇళ్ళలో పాతకాలం నుంచీ ఉన్న మాట పీట. అంటే కథలో ఆ ఇంట్లోలాగే మన భాషలో కూడా మొదట కుర్చీ లేదు, కావలసివచ్చినప్పుడు ఒక్కొక్క చోట ఒక్కొక్కరి దగ్గర తెచ్చుకున్నాం. నిన్న రాత్రి వసతి గృహంలో అందరినీ అడిగాను. షోలాపూరు అక్క కుర్చీ అంది, మరాఠీలోనూ దాదాపు అదే మాట. బళ్ళారి అన్న కూడా అదే. బరంపురం తమ్ముడు ఇంట్లో 'చౌకీ' అంటారన్నాడు, ఒడియా మాట. యానాం పాప, ఫ్రెంచి వాళ్ళు అన్నేళ్ళున్నా మాకు కుర్చీ కుర్చీయే అంది. పదకొండు గంటలకు వార్డెన్ గారు వచ్చి లైటు ఆర్పేదాకా ఇదే పని.

పాఠం అయ్యాక మా ఇంగ్లీషు టీచరమ్మ ఒక అసైన్‌మెంటు ఇచ్చారు. మీ ఇంట్లో ఒక వస్తువు తీసుకుని, దాని కథ పెద్దవాళ్ళను అడిగి, ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసుకురండి అన్నారు. ఇంటర్నల్ పదిలో అసైన్‌మెంటు వాటా మరీ చిన్నది. చాలామంది కుట్టుమిషన్ గురించో టీవీ గురించో రెండు రోజుల్లో రాసి ఇచ్చేశారు. నాకు మూడు నెలలు పట్టింది. లెక్కలు, ఫిజిక్సు పక్కన పెట్టి ఇదేం పని అని ఇంట్లో తగాదా కూడా అయింది.

నేను తీసుకున్నది అవ్వ పడి. ఇత్తడిది. అవ్వ పెళ్ళై వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చింది. మా నాయన కడలై మిఠాయి చేసే చోట పాకం పట్టే పని చేస్తాడు. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీరు పేపర్లలో చూసే ఉంటారు. అక్కడ అన్నీ కిలోల లెక్కే. ఇంట్లో మాత్రం అవ్వ శెనక్కాయలైనా, సజ్జలైనా పడితోనే కొలుస్తుంది. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1960ల మొదట్లో దేశమంతా కిలోలు, లీటర్లు అయిపోయాయి. మా ఇంటికి మాత్రం ఆ చట్టం ఇంకా చేరలేదు.

కొలతల పేర్లు అడిగితే అవ్వ చెప్పిన వరుస చిత్రంగా ఉండింది. తమిళంలో రెండు ఉళక్కులు ఒక ఉరి, రెండు ఉరులు ఒక పడి. ఆంధ్రదేశంలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. మా మాస్టారు రాసి చూపించారు. అవ్వ నోట్లో పెద్ద కొలత పడి, చిన్న కొలతలు సోల, గిద్ద. తవ్వ, మానిక ఆమెకు తెలియవు. అంగట్లో నలుగురి ముందు కొలిచే పెద్ద కొలతకు ఊరి మాట, వంటింట్లో ఒంటరిగా కొలుచుకునే చిన్న కొలతకు ఇంటి మాట నిలబడిందని నాకు అనిపించింది. ఇది నా ఊహ, ఎవరి పుస్తకంలోదీ కాదు. పండితులెవరైనా తప్పంటే ఒప్పుకుంటాను.

అసలు కష్టం లెక్కపెట్టడంలో వచ్చింది. అవ్వ కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనదు, 'లాభం' అంటుంది. లాభం, రెండు, మూడు. ఇది మీ ఇళ్ళలోనూ ఉన్నదే, తమిళులు కూడా అంటారు. ఆ తర్వాత నాలుగు, అయిదు, ఆరు. ఏడు దగ్గరకు వచ్చేసరికి 'ఆరూ ఒకటీ' అంటుంది. తర్వాత ఎనిమిది. ధాన్యం ముందర పెట్టుకుని ఏడు అనకూడదట, అది ఏడుపు మాట. ఇక్కడున్న మీకెవరికీ ఇది విప్పి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో చెప్పాలంటే మాత్రం నాకు ఒక పేజీ పట్టింది. ఇంగ్లీషులో సెవెన్‌కు, ఏడవడానికి ఏ సంబంధమూ లేదు. తమిళంలో ఏళు. అందులోనూ ఏడుపు లేదు. కాస్త కురచగా పలికితే 'లే' అనే అర్థం కూడా వస్తుంది. అంటే పక్కింటి తమిళ అత్తకు మంచి మాటే. చిత్రమేమంటే, మా అవ్వ అంగట్లో తమిళంలో లెక్కపెట్టేటప్పుడు కూడా ఏళు అనదు. ఆ మాటలో ఏడుపు లేదు, ఆమె చెవిలో ఉంది.

నేను రాసింది టీచరమ్మ దిద్ది ఇచ్చారు. లాభం, రెండు, మూడు అని ఇంగ్లీషులో పెట్టిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి 'ఒకటి' అని రాశారు. ఆరూ ఒకటీ అన్న చోట 'ఏడు అని నేరుగా రాయి' అని రాశారు. నేను వెళ్ళి విషయం చెప్పాను. ఆమె వినగానే కోప్పడలేదు, గొప్ప అని మెచ్చుకోనూ లేదు. కొంచెంసేపు ఊరుకుని, "మీ అవ్వ నడవగలదా?" అని అడిగారు.

మరుసటి శుక్రవారం చివరి పీరియడ్‌కు అవ్వ వచ్చింది. దారి పొడుగునా, "కొలిచేదానికి ఇంగ్లీసు ఎందుకు పాపా? టీచరమ్మకు ఇండ్లో పని లేదా?" అని సణుగుతూనే ఉండింది. నాయన ఒక సంచి శెనక్కాయలు పంపాడు. టీచరమ్మ బల్ల మీద కాదు, కింద చాప పరిచి కూర్చోబెట్టారు. నలభై రెండు మంది ఆడపిల్లలం చుట్టూ నిలబడ్డాం. అవ్వ పడిని గోపురంగా నింపి, చేత్తో దులిపి, గోనె మీద పోసి మొదలుపెట్టింది. లాభం. రెండు. మూడు. తమిళం పిల్లలు కూడా లాభం దగ్గర తల ఊపారు. ఆరు దాకా నిశ్శబ్దం. తర్వాత అవ్వ పడి ఎత్తి, ఎప్పటిలాగే, "ఆరూ ఒకటీ" అంది.

కొందరు పక్కున నవ్వారు. ఎవరూ వివరించక ముందే నవ్వారు. టీచరమ్మ నావైపు చూశారు, నేను నవ్వినవాళ్ళ వైపు చూశాను. ఆ తరగతిలో రెండేళ్ళు కూర్చున్నాను, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురమే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నాతో కలిపి తొమ్మిది మంది తేలాం. ఒకమ్మాయి రెండేళ్ళూ నా పక్క బెంచీయే. వాళ్ళమ్మ ఫోను చేస్తే బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చేది, ఎందుకో నేనెప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత టీచరమ్మ నా కాగితం మీద ఎర్ర సున్నాలు కొట్టేసి, "ఇది ఉండనీ, కింద ఒక వాక్యం వివరణ రాయి చాలు, పేజీ అక్కరలేదు" అన్నారు. సాహిత్యం క్లాసు అంటే నాకు అప్పుడు మొదలైందని చెప్పాలి. ఏ మాటను అనువదించాలి, ఏ మాటను అలాగే వదలాలి, ఎంత వివరించాలి, చదివేవాడి మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి అన్నవి కి.రా.ను అనువదించినవాళ్ళూ ఎదుర్కొని ఉంటారు. తెలుగింటి మాటను తమిళంలో రాసేటప్పుడు ఆయనా ఎదుర్కొని ఉంటారు. తోరు దత్ సరుగుడు చెట్టు పద్యం మళ్ళీ తీసి చదివాను. ఈసారి గైడు తీయలేదు.

అక్కడి నుంచి నోటుబుక్కు పెట్టుకుని అవ్వ మాటలు రాయడం మొదలుపెట్టాను. వంటింటి మాటలు, పొలం మాటలు, చుట్టరికాలు, తిట్లు. తిట్లు ఎక్కువ. పరీక్షలు అయ్యేనాటికి 212 మాటలు అయ్యాయి. కొన్ని మా మాస్టారికి కూడా తెలియవు. కొన్ని మీకు తెలిసి నాకు తెలియకపోవచ్చు. ఫోనులో ముప్ఫై ఎనిమిది నిమిషాలు రికార్డు కూడా ఉంది, అందులో సగం మా తమ్ముడు టీవీ పెట్టిన చప్పుడే. వాడు ఎనిమిదో తరగతి. అవ్వ తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

పరీక్షలు ముగిసిన తర్వాత నెలలో అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ దెబ్బతిన్నాయి. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాం. మాట తిరిగి రావడానికి కసరత్తు చేయించే అన్న ఒకాయన ఉండేవాడు, చాలా ఓర్పు గలవాడు. ఎడమచేత్తో చింతగింజలు ఒక్కొక్కటే గిన్నెలో వేస్తూ లెక్కపెట్టమన్నాడు. అవ్వకు మాట ముద్ద ముద్దగా వస్తుంది. మొదటి గింజకు లాభం అంది. ఆయన తమిళుడు గనుక అర్థమై నవ్వాడు. ఆరు దాకా వచ్చింది. ఏడో గింజ వేసి ఏదో అంది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చేయించాడు. మళ్ళీ ఆరు దగ్గరే. మూడు రోజులు అంతే. కాగితం మీద, ఆరు దాటి లెక్కపెట్టలేకపోతున్నారు, అదే అంకె మళ్ళీ మళ్ళీ అంటున్నారు అని రాశాడు.

మూడో రోజు సాయంత్రం నేను పక్కన కూర్చుని విన్నాను. ఆమె ఆరు అని ఆగిపోవడం లేదు. 'ఆరూ ఒకటీ' అంటోంది. 'ఒకటీ' సరిగా పలకడం లేదు, గాలిలా పోతోంది. మరుసటి ఉదయం ఆయనకు చెప్పాను. ఆయన నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. నేను ఫోనులో పాత రికార్డు వినిపించాను. అప్పుడు ఆయన గింజలు ముందుకు జరిపి, "ఇంకా వేయండి అవ్వా" అన్నాడు. ఎనిమిది వచ్చింది, తొమ్మిది వచ్చింది, పది వచ్చింది. ఆయన ఆ కాగితం మీద రాసింది కొట్టేసి కొత్తగా రాశాడు. నేను ఎర్ర సిరా కొట్టివేతలు రెండు చూశాను, ఇది రెండోది. ఇది నీలం సిరా, అంతే తేడా.

అవ్వ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. కర్ర పట్టుకుని పెరటిదాకా నడుస్తుంది. మాట పొద్దున పూట బాగుంటుంది, సాయంత్రానికి అలిసిపోతుంది. నేను పొద్దున ఆరింటికి ఒక అరగంట నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాను. నెలకు నాలుగైదు కొత్త మాటలు దొరుకుతాయి. వేగం తగ్గింది.

ఇంటర్వ్యూలో అడిగిన పెద్దాయనకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే. ఉద్యోగం సంగతి నాకు తెలుసు. బి.ఏ. తర్వాత బి.ఎడ్. చేస్తే పంతులమ్మ పని దొరకవచ్చు, దొరకకపోవచ్చు. మా నాయన మొదట నర్సింగ్ అన్నాడు. ఆస్పత్రిలో ఆ పదకొండు రోజుల తర్వాత, "నీ ఇష్టం పాపా" అన్నాడు. ఆ మాట ఆయన సంతోషంగా అన్నాడని చెప్పను, ఒప్పుకుని అన్నాడు. ఇంట్లో అప్పు ఉంది. మీరిచ్చే మొత్తం మొదటి ఏడు ఫీజుకు, బస్సు పాసుకు సరిపోతుంది. అందుకు ట్రస్టువారికి, దాతలకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

పెద్దలు ఏమీ అనుకోరంటే రెండు మనవులు. వచ్చే ఏడు ఫారంలో సాహిత్యానికీ, భాషలకూ సొంతంగా ఒక గడి పెట్టండి. నాలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురే ఉండవచ్చు, అయినా 'ఇతరములు' అని రాసుకోవడం కంటే బాగుంటుంది. రెండోది, మార్కుల పట్టికతో పాటు పిల్లల చేత ఒక పేజీ అడగండి. ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర విన్న పది మాటలు, వాటి అర్థం, ఎవరు చెప్పారు, ఏ ఊరు. తెలుగు లిపి రానివాళ్ళు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో రాసినా ఒప్పుకోండి. దానికి మార్కులు వేయొద్దు. మార్కులు వేస్తే గైడు వచ్చేస్తుంది. మన బులెటిన్‌లో సగం పేజీ దానికి ఇస్తే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మా మాస్టారు దిద్ది పెడతానన్నారు, నేను టైపు చేసి పంపుతాను.

భోజనాల తర్వాత నేను ఆ కిటికీ పక్కన నోటుబుక్కుతో కూర్చుంటాను. బరంపురం తమ్ముడు వాళ్ళ నాన్నమ్మకు ఫోను చేసి, ఆమె కొలిచేటప్పుడు ఏడును ఏమంటుందో అడిగి చెబుతానన్నాడు. మీ ఇళ్ళలో ఏమంటారో చెప్పి వెళ్ళండి. 213వ అంకె దగ్గర ఖాళీ వదిలి ఉంచాను.